పీడియాట్రీషియన్ కాళ్ళ డాక్టరు కాదు

సంపాదక మహాశయులకు నమస్కారం.

పోయిన సోమవారం మీ చదువు పేజీలో ఇంగ్లిష్ మాటల మూలాల మీద వేసిన చిన్న పెట్టె చూశాను. ‘పెడ్ అంటే పాదం’ అని చెప్పి, దాని కింద పెడల్, పెడెస్ట్రియన్, సెంటిపీడ్‌లతో పాటు పీడియాట్రీషియన్‌ను కూడా కూర్చోబెట్టారు. మొదటి మూడూ సరైనవే. నాలుగో ఆయన పిల్లల డాక్టరు. కాలు బెణికిందని ఆయన దగ్గరికి వెళ్తే ఎముకల డాక్టరు గది చూపిస్తాడు.

పెడల్‌లో ఉన్నది లాటిన్ పాదం. పీడియాట్రీషియన్‌లో ఉన్నది గ్రీకు పిల్లవాడు. గ్రీకులో ‘పైస్’ అంటే పిల్లవాడు, విభక్తి చేరితే ‘పైడోస్’ అవుతుంది. ‘ఇయాట్రోస్’ అంటే వైద్యుడు. బ్రిటిష్ స్పెల్లింగులో పి తర్వాత ఏ, ఈ అక్షరాలు రెండూ రాస్తారు కాబట్టి ఈ రెండు కుటుంబాలూ కంటికి వేరుగానే కనిపిస్తాయి. అమెరికా వాళ్ళు ఆ ఏ తీసేశారు, చిక్కంతా అక్కడ వచ్చింది. ఎన్‌సైక్లోపీడియాలో ఉన్నదీ ఈ పిల్లవాడే. బీఈడీలో చెప్పే పెడగాజీ, అంటే బోధనా శాస్త్రం, ఆ మాటలోనూ వాడే ఉన్నాడు. పాతకాలం గ్రీసులో ‘పైడగోగోస్’ అంటే యజమాని కొడుకును బడికి తీసుకెళ్ళి తీసుకొచ్చే బానిస. ప్రైవేటు కాలేజీల్లో మా అధ్యాపకులకిచ్చే జీతాలు చూస్తే ఆ అర్థం ఇంకా పూర్తిగా పోలేదనిపిస్తుంది.

తప్పు పట్టడానికే ఈ ఉత్తరం రాయడం లేదు. మీ చదువు పేజీ మొత్తంలో నాకు పనికొచ్చేదిగా కనిపించింది ఆ పెట్టె ఒక్కటే. మిగతాదంతా రోజుకో పది కష్టమైన మాటలు, ఎదురుగా తెలుగు అర్థాలు, కింద బిట్లు. ఆ పది మాటలకూ ఒకదానితో ఒకదానికి సంబంధం ఉండదు. బుధవారం నాటివి శుక్రవారానికి గుర్తుండవు. ఆ పెట్టెను పెంచమని, అందులో గ్రీకు మూలాలకు పెద్ద పీట వేయమని అడగడానికి రాస్తున్నాను.

నేను కోనసీమలో ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియం బైపీసీలో చేరే పిల్లలే నా క్లాసులో ఎక్కువ. జీవశాస్త్రం వాళ్ళకు కష్టం కాదు, భయపెట్టేది పేర్లు. ఫైలం పేర్లు, అంటే జంతువుల పెద్ద వర్గాల పేర్లు, బోర్డు మీద రాయగానే వెనక బెంచీలు దిగాలుపడిపోయేవి. అప్పుడు నేను చేసే పని ఒకటుంది. ఆక్వా చెరువుల పక్క ఊళ్ళ నుంచి వచ్చే పిల్లల చేత రొయ్యలు తెప్పించేవాణ్ణి. మా వైపు రొయ్యకేం కరువు లేదు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో రొయ్య పెట్టి, వెల్లకిలా తిప్పి, తల కింద ఉన్న నడక కాళ్ళు లెక్కపెట్టమనేవాణ్ణి. వెనక తోక వైపు ఉండే ఈత కాళ్ళు లెక్కలోకి రావు. అయిదు జతలు, పది కాళ్ళు. ‘ఇంట్లో ఇన్ని ఒలిచాం గానీ ఎప్పుడూ లెక్కపెట్టలేదు సార్’ అనేవాళ్ళు. అప్పుడు బోర్డు మీద డెకాపొడా అని రాసేవాణ్ణి. డెకా అంటే పది, పొడ్ అంటే పాదం. పీత కూడా ఇదే బాపతు. మనం సంస్కృతంలో చెప్పుకుంటే దశపాది.

కాలు కొంచెం వంచి చూడమంటే కీళ్ళు కనిపిస్తాయి. ఆర్థ్రాన్ అంటే కీలు, కాబట్టి ఆర్థ్రోపొడా. ‘మా నాయనమ్మకి ఆర్థ్రయిటిస్ సార్, అది కూడా ఇదేనా’ అని అడిగేవాడు ఏడాదికొకడైనా ఉండేవాడు. అదే ఇది. కడుపు మీద పాకే నత్త గాస్ట్రోపొడా. గాస్ట్రిక్ ట్రబుల్ అంటే ఏమిటో తెలియని ఇల్లు మన దగ్గర లేదు. తలకే కాళ్ళు మొలిచినట్టుండే ఆక్టోపస్, స్క్విడ్‌లు సెఫలోపొడా. ఇన్ని పేర్లు ఒక్క పీరియడ్‌లో అయిపోయేవి, ఎవరూ బట్టీ పట్టకుండానే.

డెకా, దశ. పొడ్, పాద. ఇది నా చమత్కారం కాదు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉంటాయని సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ సభలో అన్నాడు. ఆ తర్వాత భాషా శాస్త్రవేత్తలు ఏ ధ్వని ఎక్కడ ఎలా మారిందో లెక్కకట్టి చూపించారు. తెలుగు ఆ కుటుంబంలోది కాదు, ద్రావిడ భాష. కానీ మన బడి తెలుగు నిండా తత్సమాలే కదా. ఆ లెక్కన పదో తరగతి తెలుగు వాచకం సరిగ్గా చదివిన పిల్లకు గ్రీకు మూలాల్లో చాలా భాగం వేరే పేర్లతో అప్పటికే తెలుసు. ఇంగ్లిష్ మీడియం హడావుడిలో మనం వాడుకోకుండా వదిలేస్తున్నది దీన్నే.

రెండే రెండు సూత్రాలు చెబితే చాలు.

మొదటిది: మాట మొదట్లో అచ్చు ముందున్న సకారం గ్రీకులో హకారం అవుతుంది. పర్షియన్ల నోట్లో సింధు హిందూ అయింది కదా, గ్రీకులోనూ అలాంటిదే జరిగింది. సప్త, హెప్టా. సమ, హోమో. జీవశాస్త్రంలో హోమియోస్టాసిస్ అనే మాట చూడగానే పిల్లలకు టెన్షన్. అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1926లో చేసిన మాట అది. మన తెలుగు పుస్తకాల్లో దానికి సమస్థితి అని రాశారు. అనువాదం బాగుంది అనుకుంటాం, అంతకంటే ఎక్కువే ఉంది అందులో. సమకూ హోమోకూ మూలం ఒకటే, స్థితికీ స్టాసిస్‌కూ మూలం ఒకటే.

ఈ సూత్రంలో నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ సర్పి. నడుం చుట్టూ ఒక పక్కన మంటతో పొక్కులు లేస్తాయి చూడండి, దాన్నే డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అంటారు. ‘హెర్పైన్’ అంటే గ్రీకులో పాకడం. మన సర్పం కూడా పాకేదే, రెండింటి ధాతువూ ఒక్కటే. ‘జోస్టర్’ అంటే నడికట్టు. పాము, బల్లుల శాస్త్రాన్ని హెర్పిటాలజీ అనేదీ ఇందుకే. సర్పికి తలా తోకా కలిస్తే మనిషి దక్కడని మా వైపు పెద్దవాళ్ళు భయపెట్టేవాళ్ళు. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ నరాల్లో దాక్కుని ఏళ్ళ తర్వాత లేవడం వల్ల వచ్చేది అది. మామూలుగా ఒక నరం పరిధిలోనే, ఒక పక్కనే వస్తుంది, కాబట్టి తలా తోకా కలిసే భయం పెట్టుకోనక్కర్లేదు. డాక్టరు దగ్గరికి మాత్రం తొందరగా వెళ్ళాలి.

రెండో సూత్రం: మన దగ్గర ఉకారంతో మొదలయ్యే మాటకు గ్రీకులోనూ ఉకారంతోనే చుట్టం ఉంటే, దాని ముందు ఒక హకారం చేరుతుంది. ఉద అంటే నీరు, గ్రీకులో హుడోర్, ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి హైడ్రో. జెన్, జని కూడా చుట్టాలే. పాత తెలుగు సైన్సు పుస్తకాల్లో హైడ్రోజన్‌ను ఉదజని అన్నవారు ఎవరో గానీ వారికి దండం పెట్టాలి. అర్థానికి అర్థం, రక్తసంబంధానికి రక్తసంబంధం. ఇప్పటి పిల్లలకు ఉదజని అంటే నవ్వు. చెబితే నవ్వు ఆగుతుంది.

ఇదే సూత్రం మీద ఉపరి హైపర్ అయింది, ఉప హైపో అయింది. ఉపరితలం అంటే పైభాగం. హైపర్ అంటే పైన, ఎక్కువ. ఉపముఖ్యమంత్రి ముఖ్యమంత్రి కింద ఉండేవాడు. హైపో అంటే కింద, తక్కువ. ఈ రెండూ తారుమారైతే పరీక్షలో ఒక మార్కుతో పోదు. మా బావగారు ఆ మధ్య జబ్బుచేసి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉండి ఇంటికి వచ్చారు. డిశ్చార్జి కాగితం మీద హైపోనాట్రీమియా అని ఉంది. అక్కడ ఎవరూ విడమరచి చెప్పలేదు. ఇంట్లోవాళ్ళు ‘నాట్రియం అంటే ఉప్పుకు సంబంధించిందట, ఆయనకు బీపీ కూడా ఉంది’ అనుకుని పప్పులో, కూరలో ఉప్పు పూర్తిగా మానేశారు. ఆయన మనవరాలు ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ. ఆదివారం హాస్టల్ నుంచి వచ్చి, కాగితం చేతిలోకి తీసుకుని, పెన్సిల్‌తో ఆ మాటను మూడు ముక్కలు చేసింది. ‘తాతయ్యా, ఇది హైపర్ కాదు, హైపో. నాట్రియం అంటే సోడియం, అందుకే దాని గుర్తు ఎన్ఏ. ఈమియా అంటే రక్తంలో. నీకు రక్తంలో సోడియం తక్కువైంది. అది తెలియకుండా మీరే ఉప్పు మానేస్తే ఎలా, ముందు ఫోన్ చేసి అడగండి’ అంది. ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టరు అదే మాట చెప్పి, ఉప్పు ఆపవద్దని, ఇంకోసారి రక్తపరీక్ష చేయించమని అన్నాడు. ఆ అమ్మాయి వైద్యం చేయలేదు, కాగితం చదివింది. ఆ చదవడమే మన పిల్లలకు నేర్పాలంటున్నాను.

అంకెలు ఇంకా తేలిక. పంచ–పెంటా, షట్–హెక్సా, అష్ట–ఆక్టో, శత–హెకటాన్. పంట నష్టం ఫారంలో హెక్టారు అని రాసే రైతు వంద అనే గ్రీకు మాటనే రాస్తున్నాడు. కిలో కూడా గ్రీకు వెయ్యే. సైకిల్ అనే మాటకు మన చక్రం అక్కచెల్లెలు. ఇవి ఒకరి దగ్గర ఒకరు అప్పు తెచ్చుకున్నవి కావు, పుట్టుకతో చుట్టాలు. నిజంగా మనవాళ్ళు గ్రీకు నుంచి తెచ్చుకున్న మాటలూ ఉన్నాయి, జ్యోతిషంతో పాటు వచ్చాయి. పంచాంగంలో హోర అలాంటిది. కేంద్రం కూడా అంతే: గ్రీకు ‘కెంట్రాన్’ ఒక దారిన సంస్కృతంలోకి వచ్చి కేంద్రం అయింది, ఇంకో దారిన లాటిన్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వెళ్ళి సెంటర్ అయింది. ‘సెంటర్ అనకండి, కేంద్రం అనండి’ అని సభల్లో గొంతు చించుకునేవారికి ఈ సంగతి తెలియకపోవడమే మంచిది.

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ దారిలో ఉత్సాహం ఎక్కువైతే మనిషి ఎక్కడికి పోతాడో నాకు తెలుసు. ఇంగ్లిష్ అంతా సంస్కృతం నుంచే పుట్టిందని వాట్సాప్‌లో రోజుకొకటి వస్తుంది. డెర్మా, చర్మం ప్రాస కుదిరాయి, అర్థమూ కుదిరింది, కానీ చుట్టాలు కావు. డెర్మా పుట్టిన ధాతువు వేరు, చర్మం పుట్టిన ధాతువు వేరు. దేవుడికి గ్రీకులో ‘థియోస్’ అంటారు, దానికీ మన దేవ శబ్దానికీ సంబంధం లేదు. దేవకు గ్రీకు చుట్టం జ్యూస్, వాళ్ళ దేవతల రాజు. వినడానికి ఒకేలా ఉందని చుట్టరికం కలపడం మన పెళ్ళిళ్ళ పేరయ్యలు చేసే పని. మీరు ఈ శీర్షిక నడిపితే భాషాశాస్త్రం తెలిసినవాళ్ళ చేత చూపించి వేయండి. పీడియాట్రీషియన్ లాంటిది ఇంకొకటి పడితే పిల్లలు దాన్నే పరీక్షలో రాసి వస్తారు.

మూలం తెలిసినంత మాత్రాన విషయం తెలిసినట్టు కూడా కాదు. ఆక్సిజన్ అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ప్రతి ఆమ్లంలోనూ అది ఉంటుందని లావోజియే నమ్మాడు, అందుకే ఆ పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని తర్వాత తేలింది, పేరు మాత్రం మారలేదు. మనవాళ్ళు దాన్ని తు.చ. తప్పకుండా ఆమ్లజని అని తెలుగు చేసుకున్నారు, తప్పుతో సహా.

స్పెల్లింగు విషయానికి వస్తే గ్రీకు తెలిసినవాడికి సగం శ్రమ తగ్గుతుంది. సి, హెచ్ కలిసి ‘క’ అని పలికితే అది దాదాపుగా గ్రీకు మాటే: కెమిస్ట్రీ, క్రోమోజోమ్, స్టమక్, క్రానిక్. ‘ష’ అని పలికితే ఫ్రెంచి మీదుగా వచ్చింది, షెఫ్ లాగా. మెకానిక్, మెషీన్ రెండూ ఒకే గ్రీకు మాట, రెండు దారుల్లో రావడం వల్ల ఒకదాంట్లో ‘క’, ఒకదాంట్లో ‘ష’. పలకని పి అక్షరంతో మొదలయ్యే సైకాలజీ, వృక్షశాస్త్రంలో టెరిడోఫైటా, ఇవన్నీ గ్రీకువే. మా వృక్షశాస్త్రం మాస్టారు ఒకాయన జిమ్నోస్పెర్మ్ చెప్పేటప్పుడు జిమ్ సంగతి ఎత్తేవారు. ‘జిమ్నోస్’ అంటే ఒంటిమీద బట్ట లేకుండా ఉండడం. గ్రీకు కుర్రాళ్ళు అలాగే కసరత్తు చేసేవారు, అందుకని ఆ చోటు జిమ్నాజియం. విత్తనం పైన కప్పు లేదు కాబట్టి జిమ్నోస్పెర్మ్, మన వివృతబీజం. క్లాసు అంతా గొల్లుమనేది. ఆ ప్రశ్న ఎవరూ తప్పు చేసేవాళ్ళు కాదు.

అమెరికాలో 1925 నుంచి జరుగుతున్న నేషనల్ స్పెల్లింగ్ బీలో మన భారతీయ కుటుంబాల పిల్లలు గెలుస్తున్నారని మీరే మొదటి పేజీలో ఫొటోలు వేస్తుంటారు. ఆ పోటీ కాస్త గమనించి చూడండి. మాట చెప్పగానే పిల్లవాడు అడిగే ప్రశ్నల్లో ‘ఇది ఏ భాష నుంచి వచ్చింది?’ అనేది తప్పకుండా ఉంటుంది. 2018లో గెలిపించిన చివరి మాట ‘కొయినోనియా’, 2023లో ‘సామోఫైల్’, రెండూ గ్రీకువే. రెండోదాంట్లో మొదటి అక్షరం పలకని పి. ఇసుకను ఇష్టపడే జీవి అని అర్థం. గెలిచిన ఫొటో వేస్తాం గానీ, ఎలా చదివారో వేయం.

మా వీధిలో ఒక కుర్రవాడు రెసిడెన్షియల్ కాలేజీలో చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు వాడి చేతిలో ఒక స్పైరల్ పుస్తకం చూశాను. నిండా మాటలు, అక్షర క్రమంలో, ఎదురుగా అర్థాలు. తెల్లవారుజామునే లేపి స్టడీ అవర్‌లో వల్లె వేయిస్తారట. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఒక పేజీలో, హెపటైటిస్ దాని కిందే ఉన్నాయి. ‘వీటికి ఏమన్నా సంబంధం ఉందా’ అని అడిగితే, ‘రెండూ హెచ్‌తోనే కదా తాతగారూ’ అన్నాడు. ‘హెపార్’ అంటే కాలేయం. హెపారిన్‌ను మొదట కనుక్కున్నది కుక్క కాలేయంలో, అందుకని ఆ పేరు. ఆయుర్వేదంలో కాలేయాన్ని యకృత్తు అంటారు, దానికీ హెపార్‌కీ మూలం ఒకటేనని చెప్తే వాడు నమ్మలేదు. నేనైనా మొదట చదివినప్పుడు నమ్మలేదు లెండి. ఇంతకీ స్కూల్ అనే మాటకు గ్రీకులో మొదటి అర్థం తీరిక. అది మాత్రం వాడికి చెప్పలేదు, ఏడుస్తాడని.

గ్రీకుతో ఇంగ్లిష్ మొత్తం వచ్చేస్తుందని నేననను. బ్యాంకులో మాట్లాడడానికి, ఇంటర్వ్యూలో జవాబు చెప్పడానికి కావలసిన గెట్, పుట్, టేక్, కమ్ లాంటి మాటలకు ఈ దారి పనికిరాదు. అవి వినీ, వాడీ నేర్చుకోవలసినవి. లాటిన్ నుంచి వచ్చిన మాటలు గ్రీకువాటి కంటే ఎక్కువ కూడా. కానీ నీట్ రాసే పిల్ల, నర్సింగ్ చదివే పిల్ల, ఫార్మసీలో చేరే పిల్లవాడు రోజూ తలపడేది గ్రీకుతోనే. 2017 నుంచి నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇస్తున్నారు, సంతోషం. సీటు వచ్చాక పుస్తకాలు తెలుగులో ఉండవు కదా.

తెలుగు అకాడమీ వారికి కూడా మీ ద్వారా ఒక మనవి. పాఠ్యపుస్తకాల చివర పదకోశం వేస్తారు, ఇంగ్లిష్ మాట ఒక వైపు, తెలుగు మాట ఒక వైపు. మధ్యలో మూలానికి ఇంకొక గడి పెడితే పుస్తకం నాలుగు పేజీలు పెరుగుతుందేమో. 1968లో అకాడమీ పెట్టినప్పుడు ఈ పారిభాషిక పదాలు తయారుచేసిన పెద్దలు ఆ మూలాలన్నీ చూసే చేసి ఉంటారు. వివృతబీజం, క్షయకరణ విభజన లాంటి మాటలు ఊరికే వచ్చినవి కావు. క్షయకరణ విభజన అంటే క్రోమోజోముల సంఖ్య సగానికి తగ్గే కణ విభజన, ఇంగ్లిష్‌లో మియోసిస్. మియోసిస్ అంటే గ్రీకులో తగ్గడమే మరి.

మీ పేజీకి నేను కోరేది రోజుకొక్క మూలం. దాని కింద మూడు మాటలు చాలు, పది వద్దు. తెలుగులో నిజమైన చుట్టం ఉంటే అది, లేకపోతే ఖాళీగా వదిలేయండి, బలవంతాన కలపవద్దు. మొదటి వారం హైపో, హైపర్‌తో మొదలుపెట్టండి. నేను క్లాసుల కోసం రాసుకున్న పట్టిక ఒకటి నోటు పుస్తకంలో ఉంది, చేతిరాతే, కంప్యూటర్‌లో కొట్టించలేదు. మీ అమలాపురం విలేకరి ఎవరైనా వస్తే ఇస్తాను. సాయంత్రం అయిదు తర్వాత ఇంట్లోనే ఉంటాను. పుస్తకం మాత్రం జిరాక్స్ తీసుకుని తిరిగి ఇవ్వాలి.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
అమలాపురం